మందు కంటే ముందు: ఔషధాల పుట్టుకలో విశ్వవిద్యాలయ పరిశోధన

1933 ఫిబ్రవరిలో ఒక శనివారం, మంచు తుఫాను వీస్తుండగా, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఒక రైతు దాదాపు 300 కిలోమీటర్లు బండి నడుపుకుంటూ మాడిసన్ నగరానికి వచ్చాడు. బండిలో చచ్చిన పెయ్య ఒకటి, సుమారు 45 కిలోల పాడైన స్వీట్ క్లోవర్ ఎండుగడ్డి, ఒక పాలక్యానులో రక్తం ఉన్నాయి. ఆ రక్తం గడ్డకట్టలేదు. పశువైద్యాధికారి కార్యాలయం మూసి ఉండటంతో అతను దగ్గరలోని విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలోకి వెళ్లాడు. అక్కడున్న ఆచార్యుడు కార్ల్ పాల్ లింక్ ఆ రోజు అతనికి ఇవ్వగలిగింది సలహా మాత్రమే: ఆ గడ్డి మేపడం మానేయాలి, వీలైతే జబ్బుపడిన పశువులకు ఆరోగ్యంగా ఉన్న పశువు రక్తం ఎక్కించాలి.

రైతు వెళ్లిపోయాడు కానీ క్యానులోని రక్తం మాత్రం ప్రయోగశాలలోనే ఉండిపోయింది. ఆ గడ్డిలో ఏముందో తేల్చడానికి లింక్ బృందానికి ఆరేళ్లకు పైగా పట్టింది. స్వీట్ క్లోవర్‌కు సువాసన ఇచ్చే కౌమరిన్ దానంతటది హాని చేయదు. గడ్డి బూజుపట్టినప్పుడు అదే డైకౌమరాల్ అనే పదార్థంగా మారుతుంది. రక్తం గడ్డకట్టడానికి అవసరమైన విటమిన్-కె పనిని ఆ పదార్థం అడ్డుకుంటుంది. దానికంటే బలమైన మరో రూపం 1948లో ఎలుకల మందుగా మార్కెట్లోకి వచ్చింది. 1954లో అదే మనుషులకు వాడే మందుగా ఆమోదం పొందింది. పరిశోధనకు డబ్బు పెట్టిన విస్కాన్సిన్ అలమ్నై రీసెర్చ్ ఫౌండేషన్ పేరులోని తొలి అక్షరాలే ఆ మందు పేరుకు మొదలయ్యాయి. అదే వార్ఫరిన్. రక్తనాళాల్లో గడ్డలు కట్టకుండా ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు.

ఈ కథలో మనుషుల జబ్బుకు మందు వెతకాలని మొదలుపెట్టినవారు ఎవరూ లేరు. పశువులు ఎందుకు చనిపోతున్నాయన్న ప్రశ్న ఉంది, ఆ ప్రశ్నను వదలకుండా ఏళ్ల తరబడి పట్టుకోవడానికి వీలున్న చోటు ఉంది. కొత్త మందుల తయారీలో విశ్వవిద్యాలయాల పాత్రపై వాదన వచ్చినప్పుడల్లా రెండు పక్షాలు కనిపిస్తాయి. ప్రజాధనంతో విశ్వవిద్యాలయాలు కనిపెట్టినదాన్ని కంపెనీలు సొమ్ము చేసుకుంటున్నాయన్నది ఒక పక్షం. విశ్వవిద్యాలయాలు రాసేవి పరిశోధనా పత్రాలేనని, మందు తయారుచేసేది కంపెనీలేనని రెండో పక్షం. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే మందు పుట్టుకను ఒకే ఒక్క ఘట్టంగా చూసి, అది ఎవరి ఖాతాలో పడాలో తేల్చుకోవాలనుకోవడం దగ్గరే రెండు పక్షాలూ పొరపడుతున్నాయి.

లెక్కలు చూస్తే ఇది తేటపడుతుంది. 1998 నుంచి 2007 వరకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన 252 మందులను పరిశీలించిన ఒక అధ్యయనం ప్రకారం, మందుగా మారిన అసలు అణువు విశ్వవిద్యాలయంలో పుట్టిన సందర్భాలు దాదాపు 24 శాతం. మిగిలినవి పెద్ద ఔషధ కంపెనీలవి, బయోటెక్ సంస్థలవి. ఈ లెక్కతో విశ్వవిద్యాలయాల వాటా నాలుగో వంతు అనిపిస్తుంది. 2018లో వెలువడిన మరో అధ్యయనం ప్రశ్నను మార్చి అడిగింది. 2010 నుంచి 2016 వరకు ఆమోదం పొందిన 210 కొత్త మందుల వెనుక, అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ నిధులతో జరిగిన పరిశోధన ఏమైనా ఉందా అని వెతికింది. అన్నింటి వెనుకా ఉందని తేలింది. పైగా ఆ పరిశోధనా పత్రాల్లో 90 శాతానికి పైగా మందు గురించినవి కావు. ఆ మందు శరీరంలో ఏ ప్రొటీన్ మీద పనిచేస్తుందో ఆ ప్రొటీన్ గురించినవి. ఎన్‌ఐహెచ్ ఇచ్చే నిధుల్లో అధిక భాగం విశ్వవిద్యాలయాలకు, వైద్య కళాశాలలకు, వాటితో కలిసి పనిచేసే పరిశోధనా సంస్థలకే వెళ్తుంది. కాబట్టి ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి విరుద్ధం కావు. విశ్వవిద్యాలయం అణువును అందించిన సందర్భాలు తక్కువ. ఆ అణువు ఎక్కడ తగలాలో చెప్పని సందర్భం మాత్రం దాదాపు లేదు.

ఎక్కడ తగలాలో అనే మాటను ఒక ఉదాహరణతో దగ్గరగా చూడవచ్చు. రక్తంలోని చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, కాలేయ కణాలు తమ ఉపరితలం మీది రిసెప్టర్లతో పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. ఈ సంగతిని 1970లలో డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టెయిన్ కనుగొన్నారు. వారికి 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. 2003లో ఫ్రాన్స్, కెనడా పరిశోధకులు, వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న కొన్ని ఫ్రెంచ్ కుటుంబాల్లో పీసీఎస్‌కే9 అనే జన్యువులో మార్పు ఉందని చూపించారు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్ చేసే పని ఎల్‌డీఎల్ రిసెప్టర్లను నాశనం చేయడం. ఆ పని మితిమీరితే కొలెస్ట్రాల్ పేరుకుపోతుంది. మరి ఆ జన్యువు పనిచేయడమే మానేసిన మనుషులు ఎవరైనా ఉంటే వారి పరిస్థితి ఏమిటి?

ఈ ప్రశ్నను పట్టుకున్నది మళ్లీ డాలస్‌లోని అదే సంస్థ. హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ బృందం వేలాది మంది రక్త నమూనాలను పరిశీలించి, అమెరికా నల్లజాతీయుల్లో సుమారు 2 శాతం మందిలో ఈ జన్యువుకుండే రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయడం లేదని 2005లో ప్రకటించింది. మరుసటి ఏడాది వచ్చిన పత్రం మరింత ఆశ్చర్యపరిచింది. అలాంటివారిలో ఎల్‌డీఎల్ సగటున 28 శాతం మాత్రమే తక్కువ, కానీ 15 ఏళ్ల కాలంలో గుండెజబ్బు 88 శాతం తక్కువగా కనిపించింది. తర్వాత రెండు ప్రతులూ పనిచేయని ఒక యువతి కూడా కనిపించింది. ఆమె ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 14 మిల్లీగ్రాములే, అయినా పూర్తి ఆరోగ్యంతో ఉంది. ఏ కంపెనీకైనా ఇంతకు మించిన భరోసా ఉండదు. ఈ ప్రొటీన్‌ను ఆపేస్తే ఫలితం ఉంటుందని, ప్రమాదం ఉండదని, మందు తయారుకాక ముందే ప్రకృతి మనుషుల మీద పరీక్ష చేసి చూపించినట్టయింది. ఆ తర్వాత కంపెనీలు పోటీపడ్డాయి. 2015లో రెండు యాంటీబాడీ మందులు నెల తేడాతో ఆమోదం పొందాయి. ఆ రెండింటినీ తయారుచేసింది కంపెనీలే. ఆ కంపెనీల పరిశోధకులు 2003కు ముందు ఈ ప్రొటీన్ జోలికి వెళ్లకపోవడంలో వారి తప్పేమీ లేదు. కొలెస్ట్రాల్‌తో దానికి సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు.

అన్ని దారులూ ఇంత తిన్నగా ఉండవు. మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ భౌతికశాస్త్రం చదివినవాడు. విభజన చెందుతున్న కణం బొమ్మ అతనికి అయస్కాంతం చుట్టూ ఇనుపరజను పేర్చుకున్న ఆకారంలా కనిపించింది. దాంతో కణ విభజనపై విద్యుత్ క్షేత్రం ప్రభావం ఉంటుందేమోనని బాక్టీరియాను కరెంటు ప్రవహించే ద్రావణంలో పెంచాడు. బాక్టీరియా విభజన ఆగిపోయి, అవి సేమియా పోగుల్లా మామూలు కంటే కొన్ని వందల రెట్లు పొడవు సాగాయి. తన ఊహ నిజమైందని సంబరపడి ఆగిపోయి ఉంటే కథ అక్కడితో ముగిసేది. అసలు కారణం కరెంటు కాదని, ఎలక్ట్రోడ్ల నుంచి ద్రావణంలోకి కరిగిన ప్లాటినం సమ్మేళనమని అతని బృందం ఓపిగ్గా తేల్చి 1965లో ప్రచురించింది. ఆ సమ్మేళనం 1845 నుంచీ రసాయన శాస్త్రవేత్తలకు తెలిసినదే. సిస్‌ప్లాటిన్ పేరుతో 1978లో క్యాన్సర్ మందుగా ఆమోదం పొందింది. ఇండియానా విశ్వవిద్యాలయ వైద్యుడు లారెన్స్ ఐన్‌హార్న్ దాన్ని ఇతర మందులతో కలిపి వాడి, దేహమంతా పాకిన వృషణ క్యాన్సర్‌ను కూడా చాలామందిలో నయం చేయవచ్చని చూపించాడు. మూల ఊహ తప్పు, ఫలితం మాత్రం నిజం. తప్పు ఊహతో మొదలై ఇన్నేళ్లు నడిచే పనికి ఏ కంపెనీ బడ్జెట్‌లోనూ పద్దు ఉండదు.

అలాగని విశ్వవిద్యాలయాలు ఓర్పుకు నిలయాలని అనుకోవడానికీ లేదు. కణానికి ప్రొటీన్ తయారీ సూచనలు చేరవేసే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను మందుగా వాడవచ్చని నమ్మిన కాటలిన్ కారికోకు గ్రాంట్లు రావడం లేదన్న కారణంతో 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం హోదా తగ్గించింది. ఆమె అక్కడే ఉండి, డ్రూ వైస్‌మన్‌తో కలిసి, ఆర్‌ఎన్‌ఏలోని ఒక మూలభాగాన్ని మారిస్తే శరీరం దాన్ని శత్రువుగా భావించి మంట పుట్టించడం తగ్గుతుందని 2005లో చూపించింది. ఆ పత్రానికి అప్పట్లో పెద్దగా స్పందన రాలేదు. ఫైజర్, మోడెర్నా కోవిడ్ టీకాల్లో వాడింది అలాంటి మార్పునే, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆర్‌ఎన్‌ఏను కణంలోకి చేర్చే కొవ్వు బుడగల సాంకేతికతలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలోని పీటర్ కలిస్ ప్రయోగశాలకూ పెద్ద వాటా ఉంది. ఏ పరిశోధన విలువైనదో ముందే తెలుసుకునే కొలబద్ద విశ్వవిద్యాలయాల దగ్గర కూడా లేదు. వాటికున్న మేలు ఒక్కటే: తెలియకపోయినా కొంతమందిని కొనసాగనిచ్చే ఏర్పాటు, అదీ కొన్నిసార్లు అరకొరగానే.

విశ్వవిద్యాలయం ఎక్కడ ఆగిపోతుందో పెనిసిలిన్ కథ చెప్పినంత బాగా మరేదీ చెప్పదు. బూజులో బాక్టీరియాను చంపే గుణాన్ని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో గమనించినా, దాన్ని మందుగా నిలబెట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ. 1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన బాక్టీరియాను ఎక్కించి నాలుగింటికి పెనిసిలిన్ ఇచ్చారు. తెల్లవారేసరికి మందు అందని నాలుగూ చనిపోయాయి. ప్రయోగం అద్భుతం. కానీ మనిషికి సరిపడా మందు తీయాలంటే ప్రయోగశాలనే కార్ఖానా చేయాల్సి వచ్చింది. ఆసుపత్రి బెడ్‌పాన్లలో బూజు పెంచారు, తర్వాత అదే ఆకారంలో పింగాణీ పాత్రలు చేయించారు. 1941 ఫిబ్రవరిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఉన్న పోలీసు ఆల్బర్ట్ అలెగ్జాండర్‌కు మందు ఎక్కించారు. అతను కోలుకోసాగాడు. మందు అయిపోతుంటే అతని మూత్రం నుంచే పెనిసిలిన్‌ను తిరిగి తీసి మళ్లీ ఇచ్చారు. అదీ అయిపోయింది. అతను మార్చిలో మరణించాడు. ఫ్లోరీ, హీట్లీ అమెరికా వెళ్లి పియోరియాలోని ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగశాలను ఆశ్రయించారు. మొక్కజొన్న పిండి మిల్లుల్లో మిగిలే ద్రవంలో బూజును పెంచితే పెనిసిలిన్ ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుందని అక్కడ తేలింది. పెద్ద పెద్ద తొట్లలో పెంచే విద్యను కంపెనీలు నేర్చుకున్నాకే పెనిసిలిన్ యుద్ధభూమికి, ఆ తర్వాత మామూలు ఆసుపత్రులకు చేరింది.

ఈనాటికీ ఆ దూరం అలాగే ఉంది, దాని రూపం మారిందంతే. ప్రయోగశాలలో ఎలుక మీద పనిచేసిన అణువు కడుపులో కరగాలి, రక్తంలోకి చేరాలి, కాలేయం దాన్ని వెంటనే విరగ్గొట్టకూడదు, గుండెలయను చెడగొట్టకూడదు, నెలల తరబడి నిల్వ ఉండాలి, ఒకే నాణ్యతతో టన్నుల లెక్కన తయారుకావాలి. వీటిలో ఏ ఒక్కటీ పరిశోధనా పత్రానికి సరుకు కాదు. ఒక పీహెచ్‌డీ విద్యార్థి ఇలాంటి పని మీద ఐదేళ్లు గడిపితే డిగ్రీ వస్తుందన్న నమ్మకం లేదు. కంపెనీలేమో అణువు కాస్త రుజువయ్యేదాకా చేయి పెట్టవు. ఈ మధ్యలోని ఎడారిని ఆ రంగంలోనివారు వ్యాలీ ఆఫ్ డెత్ అంటారు. దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. 2012లో ఆమ్జెన్ కంపెనీ పరిశోధకులు, క్యాన్సర్ రంగంలో మైలురాళ్లనదగ్గ 53 పరిశోధనలను తిరిగి చేసి చూస్తే, ఆరింటి ఫలితాలు మాత్రమే నిలిచాయని ప్రకటించారు. అవి ఏయే పరిశోధనలన్నది వారు అప్పుడు బయటపెట్టలేదు కాబట్టి ఆ లెక్కపై విమర్శలూ వచ్చాయి. అయినా సారాంశం కొట్టివేయదగినది కాదు. ప్రచురణే గెలుపుగా భావించే చోట, ఫలితం మరో ప్రయోగశాలలోనూ నిలుస్తుందా అని చూసే తీరిక తక్కువ.

దారి ఎప్పుడూ విశ్వవిద్యాలయం నుంచి కంపెనీ వైపే సాగదు. ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో ఉండగా కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని గుర్తించినవారిలో ఒకరు. అయినా అక్కడ ఆయనకు స్థిరమైన స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన ఆధ్వర్యంలోని బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది, దానికి విరుద్ధంగా పనిచేసే అణువులనూ తయారుచేసింది. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌ను హార్వర్డ్‌కు అనుబంధమైన పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మేలు కనిపించిందని 1948లో ప్రచురించాడు. రక్తక్యాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చని అంతకుముందు ఎవరూ ఇంత స్పష్టంగా చూపలేదు. ఇక్కడ అణువు కంపెనీది, దాన్ని పరీక్షించిన వైద్య విజ్ఞానం విశ్వవిద్యాలయ ఆసుపత్రిది, అణువును ఊహించిన మనిషి మాత్రం విశ్వవిద్యాలయం తయారుచేసి వదులుకున్నవాడు. మనుషులను తయారుచేయడం కూడా విశ్వవిద్యాలయం వాటాలో భాగమేనని లెక్కలు వేసేవారు తరచుగా మరచిపోతారు.

చేతులు మారే ఘట్టంలో ఒక ఒప్పందం ఉంటుంది. మందు ఎవరికి చేరుతుందన్నది ఎక్కువగా అక్కడే తేలిపోతుంది. 1920లలో టొరంటో విశ్వవిద్యాలయం ఈ ఘట్టాన్ని తెలివిగా దాటింది. ఇన్సులిన్ పేటెంటును దాని హక్కుదారులు ఒక్కొక్కరికి ఒక డాలరు చొప్పున తీసుకుని విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. పేటెంటు వద్దనుకోలేదు, లాభానికీ వాడుకోలేదు. మరొకరు దానిపై గుత్తాధిపత్యం సంపాదించకుండా, నాసిరకం సరుకు రాకుండా చూసే తాళంచెవిగా వాడుకున్నారు. క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ కథ ఇంత చక్కగా నడవలేదు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో 1943లో దాన్ని వేరుచేసిన విద్యార్థి ఆల్బర్ట్ షాట్జ్, రాయల్టీ తన ఆచార్యుడు సెల్మన్ వాక్స్‌మన్‌కు చేరుతోందని తెలిసి కోర్టుకెక్కాడు. రాజీలో అతన్ని సహ ఆవిష్కర్తగా గుర్తించారు, 1952 నోబెల్ మాత్రం వాక్స్‌మన్ ఒక్కడికే వచ్చింది.

1980 నాటి బే-డోల్ చట్టంతో అమెరికాలో ఈ ఒప్పందాలు వ్యవస్థగా మారాయి. అప్పటిదాకా ప్రభుత్వ నిధులతో పుట్టిన ఆవిష్కరణలపై హక్కు సాధారణంగా ప్రభుత్వానిది. సుమారు 28,000 పేటెంట్లు పోగుపడితే వాటిలో 5 శాతమైనా ఎవరికీ లైసెన్సు కాలేదని అప్పట్లో లెక్క చెప్పారు. కొత్త చట్టం ఆ హక్కును విశ్వవిద్యాలయాలకే వదిలింది. జన్యువులను కత్తిరించి అతికించే పద్ధతిపై స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలకున్న కోహెన్-బోయర్ పేటెంట్లను ఎవరు అడిగినా తక్కువ రుసుముకు ఇచ్చారు. 468 సంస్థలు తీసుకున్నాయి, 1997లో గడువు తీరేనాటికి సుమారు 25.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఎమరీ విశ్వవిద్యాలయం హెచ్‌ఐవీ మందు ఎమ్‌ట్రిసిటబిన్ రాయల్టీని 2005లో 52.5 కోట్ల డాలర్లకు అమ్మింది. ఇలాంటి అంకెలు చూసి చాలా విశ్వవిద్యాలయాలు లైసెన్సింగ్ కార్యాలయాలు తెరిచాయి. వాటిలో చాలావాటికి వచ్చే ఆదాయం తమ ఖర్చుకు సరిపోవడమే కష్టం. లాటరీ గెలిచినవారి పేర్లే వార్తల్లో వస్తాయి.

డబ్బు కంటే బరువైన ప్రశ్న 2001లో ఎదురైంది. హెచ్‌ఐవీ మందు స్టావుడిన్‌పై పేటెంటు యేల్ విశ్వవిద్యాలయానిది, మందును అమ్మే ప్రత్యేక హక్కు బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్ కంపెనీది. దక్షిణాఫ్రికాలో చవకైన జెనరిక్ రూపం వాడటానికి అనుమతించాలని ఎంఎస్‌ఎఫ్ వైద్య సంస్థ విశ్వవిద్యాలయాన్ని అడిగింది. ప్రత్యేక లైసెన్సు ఇచ్చేశాక తమ చేతిలో ఏమీ లేదన్నట్టు మొదట జవాబు వచ్చింది. విద్యార్థులు కదిలారు. మందుకు ఆ వాడుకను కనుగొన్న ఆచార్యుడు విలియమ్ ప్రూసోఫ్ కూడా వారికి మద్దతుగా నిలిచాడు. కొన్ని వారాల్లోనే కంపెనీ ధర తగ్గించి, దక్షిణాఫ్రికాలో పేటెంటును అమలు చేయబోమని ప్రకటించింది. ఆవిష్కర్తే కోరినా ఒప్పందంలో లేని షరతును రాబట్టడానికి ఇంత అలజడి కావలసి వచ్చింది. లైసెన్సులిచ్చేటప్పుడు పేద దేశాలకు మందు అందేలా చూడాలని 2007లో స్టాన్‌ఫర్డ్ సహా పలు అమెరికన్ విశ్వవిద్యాలయాలు ఒక ప్రకటనలో రాసుకున్నాయి. అది ఎవరినీ కట్టడి చేసేది కాదు.

ప్రొస్టేట్ క్యాన్సర్ మందు ఎన్జాలుటమైడ్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, ఎక్కువగా ప్రభుత్వ నిధులతో పుట్టింది. 2012లో ఆమోదం పొందింది. 2016లో రాయల్టీ హక్కులు వంద కోట్ల డాలర్లకు పైగా పలికాయి. అదే ఏడాది భారత పేటెంట్ కార్యాలయం ఆ మందు పేటెంటు దరఖాస్తును తిరస్కరిస్తే, విశ్వవిద్యాలయం ఆ నిర్ణయాన్ని న్యాయస్థానంలో సవాలు చేసింది. అమెరికాలో అదే మందు ధర భరించలేనంతగా ఉందని, బే-డోల్ చట్టం ప్రకారం ప్రభుత్వం జోక్యం చేసుకుని ఇతరులకు లైసెన్సు ఇవ్వాలని కొందరు రోగులు అర్జీ పెట్టుకున్నారు. మందు మార్కెట్లో విరివిగా దొరుకుతోందంటూ ఎన్‌ఐహెచ్ 2023 మార్చిలో దాన్ని తోసిపుచ్చింది. ప్రజాధనంతో పుట్టిన ఆవిష్కరణ ‘సమంజసమైన షరతులపై’ ప్రజలకు అందాలన్న మాట ఆ చట్టంలో ఉంది. ఆ షరతుల్లో ధర కూడా ఒకటా కాదా అన్నదానిపైనే ఇప్పటి వాదనంతా నడుస్తోంది.